ఇందులో చూడ్డానికేముంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఎక్కువ ఉత్తరాలు తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే వచ్చాయి. ఇప్పటి కళాకారుల పని ముందు నిలబడితే ఏం చూడాలో తెలియడం లేదన్నది చాలామంది మాట. ‘దీని అర్థమేంటి’ అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ‘దీన్ని ఎట్లా చేశారు’ అని మొదలుపెట్టండి. పద్ధతి తెలిస్తే, చేసిన మనిషి ఎక్కడెక్కడ ఏం ఎంచుకున్నాడో కంటికి ఆనుతుంది.

ప్రశ్న: చెన్నైలో ఒక ప్రదర్శనలో కృష్ణారెడ్డి గారి ప్రింట్లు చూశాను. మన జిల్లా మనిషేనని అక్కడివాళ్లు చెప్పారు. రంగుల గీతలు సుడి తిరిగినట్టున్నాయి తప్ప నాకేమీ పట్టలేదు. పైగా ప్రింటు అంటే అచ్చేసిందే కదా, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. మరి దానికంత విలువెందుకు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో చదివి, మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు పనిచేసి, లండన్ మీదుగా పారిస్ చేరారు. స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ‘అటెలియే 17’ ముద్రణశాలలో ఆయన పని మలుపు తిరిగింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఇవన్నీ ఎక్కడైనా దొరికే వివరాలే. గోడమీది ప్రింటును చూడ్డానికి ఎక్కువ పనికొచ్చేది, ఆ ముద్రణశాలలో ఆయన, తోటివాళ్లు కలిసి రూపుదిద్దిన పద్ధతి.

మామూలుగా రంగుల ప్రింటు తీయాలంటే రంగుకో రేకు కావాలి. నాలుగు రంగులైతే నాలుగు రేకులు, కాగితం నాలుగుసార్లు ప్రెస్సులోకి వెళ్లాలి, ప్రతిసారీ వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకూడదు. వీళ్లు అన్ని రంగులనూ ఒకే రేకు మీద ఎక్కించి, ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలనిపించారు. అదెట్లాగంటే, ముందు రాగి లేదా జింకు రేకును ఆమ్లంతో, ఉలితో లోతుగా తొలుస్తారు. ఒకే లోతు కాదు, మెట్లుమెట్లుగా రెండు మూడు అంతస్తులు. శిల్పిగా చేయి తిరిగిన మనిషి కాబట్టి కృష్ణారెడ్డి రేకు దాదాపు చెక్కిన శిల్పంలాగే ఉంటుంది.

మొదటి రంగును గాడుల్లోకి దట్టించి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేస్తారు. రెండో రంగులో అవిసె నూనె ఎక్కువ కలిపి జారుగా చేస్తారు. దాన్ని గట్టి రబ్బరు రోలరుతో ఎక్కిస్తే, రోలరు వంగదు కాబట్టి అన్నిటికంటే ఎత్తుగా ఉన్న అంతస్తుకే అంటుతుంది. మూడో రంగును నూనె తగ్గించి చిక్కగా ఉంచి, మెత్తటి రోలరుతో ఎక్కిస్తారు. మెత్తటి రోలరు నొక్కుకుని కింది అంతస్తు దాకా దిగుతుంది. దారిలో పై అంతస్తునూ తాకుతుంది గానీ, అక్కడ ముందే జారు రంగు ఉంది కాబట్టి, నూనె రాసిన పెనం మీద నీళ్లు నిలవనట్టు చిక్కటి రంగు దాని మీద నిలవదు. రెండూ కలవకుండా పక్కపక్కనే కూర్చుంటాయి. వరస మార్చి చిక్కటిది ముందు, జారుది తర్వాత వేస్తే కథ తిరగబడుతుంది. జారుది చిక్కటిదాని మీదికి ఎక్కి రెండూ పొరలవుతాయి. ఒకే రేకు, అవే రంగులు, వరస మారితే బొమ్మే మారిపోతుంది.

ఇందులో చెడేవి చాలా ఉన్నాయి. రోలరు చుట్టుకొలత చిన్నదై ఒక్క చుట్టులో రేకు మొత్తం పట్టకపోతే, రెండో చుట్టు మొదలైన చోట అడ్డగీత పడుతుంది. కాగితం తడి ఎక్కువైతే రంగు పట్టదు, తక్కువైతే లోతు గాడుల్లోకి కాగితం దిగదు. మన తిరుపతి మే నెల ఎండకు పొద్దున చిక్కగా కలిపిన రంగు మధ్యాహ్నానికి జారైపోతుంది, అప్పుడు రంగులు ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి కలగాపులగమవుతాయి. కాబట్టి ఒకే రేకు నుంచి తీసిన రెండు ప్రింట్లు కూడా అచ్చు గుద్దినట్టు ఉండవు. ప్రతి కాగితానికీ రేకును మళ్లీ మొదటి నుంచి రంగులతో సిద్ధం చేయాల్సిందే.

‘ఎన్నైనా తీసుకోవచ్చు’ అన్న అనుమానానికి జవాబు కాగితం కింది అంచులోనే ఉంటుంది. పెన్సిలుతో 12/50 అని రాసి ఉంటే, మొత్తం యాభై తీశారు, ఇది పన్నెండోది అని లెక్క. ఎ.పి. అని ఉంటే కళాకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతి. పక్కవైపు నుంచి వెలుతురు పడేట్టు చూస్తే బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం కనిపించాలి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెడితే సన్నటి చుక్కల గుంపులు వరసగా కనిపించాయా, అది పుస్తకాలు అచ్చువేసే యంత్రం మీద తీసిన నకలు. సంతకం కూడా అచ్చులోనే వచ్చేసి ఉంటే ఇంకో మాట అక్కర్లేదు.

ఇక సుడి సంగతి. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ దొరికితే ముందు పేరు చదవకుండా మూడు నిమిషాలు చూడండి. తర్వాత అడుగు దూరానికి వెళ్లి ఒకే ఒక్క గీత పట్టుకుని దాని వెంట కన్ను నడపండి. ఆ గీత రంగు మారిన ప్రతి చోటా కింద రేకులో లోతు మారిందని అర్థం. నీళ్లు లోపలికి దిగుతున్నాయన్న భావన మనకు కలిగేది బొమ్మలో నీళ్లు గీసినందుకు కాదు, లోహం నిజంగానే అక్కడ దిగి ఉన్నందుకు.

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీ ఇంట్లో రెండు తరాలుగా ఉంది. అప్పుడూ రాముడు, కృష్ణుడే, ఇప్పుడూ వాళ్లే. ఇది సాంప్రదాయమా, నేటి కళా? ఇంకో మాట, ఇప్పుడు అంగళ్లలో ‘కలంకారీ’ అని అమ్మేవి నిజమైనవేనా? ఎట్లా తెలుసుకోవాలి?
– గృహిణి, పుత్తూరు

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటిదానికి జవాబు దానంతటదే వస్తుంది.

శ్రీకాళహస్తి పద్ధతిలో గీత కలంతోనే పడాలి. మచిలీపట్నం వైపుది చెక్క అచ్చులతో వేసేది, అదీ నిజమైన కలంకారీయే, కానీ వేరు. ఇక్కడ ముందు గాడా అనే ముతక నూలు బట్టను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. పాలు తక్కువైతే సిరా ఊరి గీత అంచులు ఈకల్లా చీలిపోతాయి. మరీ ఎక్కువైతే సిరా పోగుల్లోకి దిగదు, బట్ట మురుగు వాసన కొడుతుంది.

చింతపుల్ల బొగ్గుతో లేతగా గీసుకుని, దాని మీద కసింతో గీస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చేది కసిం. కుండలో ఉన్నప్పుడు అది నలుపు కాదు, చూస్తే గోధుమరంగు నీళ్లు. కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే సిరా దిగుతుంది, వదిలితే ఆగుతుంది. కనుబొమ గీతనే తీసుకోండి. మొదట్లో సన్నగా మొదలై, నడుమ లావై, చివర వెంట్రుకలా సన్నబడుతుంది. ఆ లావు వేళ్ల నొక్కుడు. దాన్ని చెరిపి మళ్లీ గీసే వీల్లేదు.

ఎరుపు కావలసిన చోట రంగు పూయరు, పటిక నీళ్లు పూస్తారు. ఒక రోజు ఆగి, పారే నీళ్లలో జాడించి, ఆ తర్వాత మంజిష్ఠ, సురుడు చెక్క వంటివాటితో కాచిన నీళ్లలో బట్ట మొత్తాన్ని ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. పారే నీళ్లే ఎందుకంటే, తొట్టిలో జాడిస్తే వదిలిన పటిక పక్క భాగాలకు అంటుకుని, ఉడికించాక అక్కడ గులాబీ మరకలు తేలతాయి. స్వర్ణముఖిలో నీళ్లు లేని నెలల్లో ఈ పనికి పడే అవస్థ అంతా ఇందుకే. పసుపు, నీలం తర్వాత వస్తాయి. పసుపు కరక్కాయ పువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ.

ఇంత తెలిశాక అంగట్లో పరీక్ష సులువు. బట్టను తిరగేయండి. కసిం గీత వెనక్కి దిగి ఉండాలి. వెనక తెల్లగా ఉంటే యంత్రం మీద అచ్చువేసింది. బొమ్మలో ఒకే పువ్వు రెండు చోట్ల ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో గీసినవి ఎంత నేర్పరి గీసినా కాస్త తేడాగా ఉంటాయి, రేకు రేకూ కలిసిపోతే అనుమానించండి. రాణీ గులాబీ, మెరిసే ఊదా లాంటి రంగులు పైన చెప్పిన సరుకుల్లోంచి రావు. పాలియెస్టర్ చీర మీద కలంకారీ అంటే అది కలంకారీ బొమ్మ మాత్రమే. అదేమీ నేరం కాదు, ఆ ధర వేరు, అంతే.

మీ పాత బట్టలో నల్ల గీతల వెంబడే చిరుగులు మొదలయ్యాయేమో చూసుకోండి. కసింలోని ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది, సిరా ఘాటుగా చేసినప్పుడు త్వరగా. అలాంటి బట్టను మడతపెట్టకండి, పాత నూలు గుడ్డతో కలిపి గొట్టానికి చుట్టి ఉంచండి.

ఇక సాంప్రదాయమా, నేటిదా? 1950లలో, చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలుకాకపోయి ఉంటే ఈ పని మన దాకా వచ్చేదో లేదో. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటివారు ఆ దారిలోనే నిలబెట్టారు. కాబట్టి మీరు ‘అప్పటి నుంచీ ఇంతే’ అనుకుంటున్నది కూడా మన కాలంలో మళ్లీ కట్టుకున్నదే. రాముడు ఉన్నాడా లేడా అన్నదాన్నిబట్టి కొత్తదనం తేల్చకండి. ఖాళీ ఎంత వదిలారో చూడండి. పాత గుడి తెరల్లో గళ్లు గళ్లుగా కథ నింపి, ప్రతి గడి కింద అక్షరాలు రాసేవారు. ఇప్పుడు కొందరు ఒక్క చెట్టునే బట్టంతా పరిచి, సగం బట్టను కరక్కాయ రంగుకే వదిలేస్తున్నారు. ఇంకొందరు ఎరుపు, నీలం మానేసి కసిం గీతతోనే ఆపేస్తున్నారు. మా మట్టుకు మాకు ఈ రెండో రకమే ఎక్కువ నచ్చుతుంది. గీత తప్పితే దాచుకోవడానికి అక్కడ రంగు లేదు.

ప్రశ్న: కొచ్చి బినాలేకి వెళ్లొచ్చిన మా అబ్బోడు ఫోటోలు చూపించాడు. గదినిండా మట్టి పోసి, చూసినంత సేపు చూసి, మూడు నెలలకు ఎత్తి పారేస్తారంట. ఉండని బొమ్మకు అంత కష్టం, అంత ఖర్చు దేనికి?
– రైతు, పలమనేరు

జవాబు: 2012లో మొదలై రెండేళ్లకోసారి జరిగే ఆ కళా ప్రదర్శనలో ఇలాంటివి చాలానే ఉంటాయి, వాటిలో తాలు సరుకూ ఉంటుంది. కానీ ఉండకపోవడమే తప్పంటే, తిరుపతి గంగమ్మ జాతరను ఏమనాలి? వారం పొడుగునా బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండల వేషాలు వీధుల్లో తిరుగుతాయి. ఆఖరున తాతయ్యగుంట గంగమ్మ గుడి ముందు అమ్మవారి విశ్వరూపం మట్టితో పెద్దగా నిలబెడతారు. ఆ మట్టిరూపం చెంప నరకడంతో జాతర ముగుస్తుంది, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఆ రూపాన్ని ఎవరైనా గాజు పెట్టెలో పెట్టి దాచుకుందాం అంటే మనమే ఒప్పుకోం. నరకడం, పంచుకోవడం కూడా ఆ పనిలో భాగం.

గదినిండా మట్టి పోసిన పనినీ ఇట్లాగే అడిగి చూడండి. ఇది పోవడం వల్ల పనికి ఏమన్నా చేరుతోందా, లేక అద్దె గడువు అయిపోయింది కాబట్టి పోతోందా? మట్టి ఏ ఊరిది, తడిదా పొడిదా, ఎండి బీటలు వారడాన్ని కళాకారుడు లెక్కలో పెట్టుకున్నాడా? మొదటి వారం చూసినవాళ్లకూ చివరి వారం చూసినవాళ్లకూ వేరే పని కనిపించేట్టు చేశాడంటే ఆలోచించి చేసినట్టే. పక్కన అతికించిన రెండు పేజీల వివరణ తీసేస్తే ఏమీ మిగలని పని దగ్గర ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు.

దీనికి సరిగ్గా ఎదురు దారి జి. రవీందర్ రెడ్డిది. సూర్యాపేటలో 1956లో పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన శిల్పి. ఆయన చేసే ఆడమనిషి తలలు మనిషి ఎత్తుకు మించి, బంగారు పూతతో, రెప్ప వేయని పెద్ద కళ్లతో ఉంటాయి. సరుకు మాత్రం ఫైబర్‌గ్లాసు. మట్టితో నమూనా చేసి, అచ్చు తీసి, అందులో గాజు పీచు చాప, రెసిన్ పొరలు పొరలుగా వేస్తారు. గట్టిపడే మందు ఎక్కువైతే వేడెక్కి పగుళ్లిస్తుంది, బ్రష్షుతో గాలి బుడగలు తీయకపోతే ముఖం మీద గుంతలు పడతాయి. జడలోని పూలు చూడండి, గ్రామదేవత కళ్లు చూడండి, తర్వాత వేలితో మెల్లగా తట్టినట్టు ఊహించుకోండి, లోపల బోలు. అమ్మవారి గంభీరం, అంగడి బొమ్మ తళుకు రెండూ ఒకే తలలో ఉండటమే అక్కడి చమత్కారం.

ప్రశ్న: తోట వైకుంఠం గారి బొమ్మలు చూసి వేస్తున్నాను. అందరూ ‘భలే అచ్చం దించావ్’ అంటున్నారు. ఇట్లా దించడం మంచిదేనా?
– డిగ్రీ విద్యార్థిని, మదనపల్లె

జవాబు: నేర్చుకోవడానికి మంచిదే తల్లీ, మీ పేరు పెట్టి అమ్మనంత వరకు. కాగితం వెనక ‘వైకుంఠం బొమ్మ చూసి వేసింది’ అని తేదీతో రాసుకోండి.

ఒక పని చేయండి. వైకుంఠం, లక్ష్మాగౌడ్ ఇద్దరివీ పక్కన పెట్టుకోండి. ఇద్దరూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లే, 1942, 1940లలో పుట్టినవాళ్లు, ఇద్దరూ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. పల్లె మనుషులే ఇద్దరికీ విషయం. అయినా ఒకరి పని ఇంకొకరిదని ఎవరూ పొరబడరు. వైకుంఠం ఒంటి చుట్టూ గీత గీసి మూసేస్తారు, లోపల చదునుగా ఎరుపో పసుపో నింపుతారు, బొట్టు, ముక్కుపుడక, చీర అంచు దగ్గరే సన్నపని. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో, అంటే రేకును ఆమ్లంతో తొలిచి తీసే ప్రింట్లలో, గీత మూసుకోదు. మేక ఒంటి నుంచి బయలుదేరిన గీత చెట్టు బెరడులోకి, అక్కడి నుంచి మనిషి వీపు మీదికి పోతుంది. నీడ కావాలంటే అడ్డదిడ్డంగా గీతలల్లి తెస్తారు. ఆమ్లంలో రేకు ఎంతసేపు ఉంటే గీత అంత నల్లన, అంటే ఆయనకు నలుపు చేతి బలం కాదు, గడియారం.

ఇప్పుడు వైకుంఠం మనిషిని లక్ష్మాగౌడ్ పద్ధతిలో వేయండి. నల్ల ఇంకు పెన్ను ఒక్కటే, రంగు వద్దు. తర్వాత లక్ష్మాగౌడ్ మేకను వైకుంఠం లాగా నాలుగు రంగుల్లో, పది గీతలు మించకుండా వేయండి. రెండూ పాడవుతాయి. ఎక్కడ పాడయ్యాయో అక్కడే ఒక్కొక్కరి అసలు కిటుకు ఉంటుంది. మూడోది మీ వీధిలో టమాటా గంపలు మోసే మనిషిని చూసి వేయండి, ఫోటో చూసి కాదు.

ప్రశ్న: ఇక్కడి నుంచి దగ్గర్లో ఇలాంటివి చూడాలంటే ఎక్కడికి పోవాలి?
– ఇద్దరు పాఠకులు, చిత్తూరు

జవాబు: పొద్దున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరే దూరంలో రెండు ఊళ్లు. చెన్నైలో కె.సి.ఎస్. పణికర్ 1966లో మొదలుపెట్టిన చోళమండల్ కళాకారుల ఊరు, అదే దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. బెంగళూరు ప్యాలెస్ రోడ్డులో జాతీయ ఆధునిక కళల గ్యాలరీ, సోమవారం సెలవు. జనవరిలో చిత్రకళా పరిషత్తు వీధుల్లో జరిగే చిత్రసంతలో కళాకారులతోనే నేరుగా మాట్లాడొచ్చు, ‘ఏ కాగితం, ఏ రంగు, ఎన్ని పొరలు’ అని అడగండి, సంతోషంగా చెబుతారు. అన్నీ చూడాలని పరుగెత్తకండి, ఒక్కో చోట మూడు పనులు ఎంచుకుంటే చాలు. తిరుపతిలోనే టీటీడీ శిల్పకళాశాల ఉంది, రాతిపని ఎట్లా మొదలవుతుందో తెలుసుకోవడానికి అంతకంటే దగ్గరిది లేదు.

ప్రశ్న: ఒక యువ చిత్రకారుడి దగ్గర కొన్న నీటిరంగుల బొమ్మకు ఫ్రేము కట్టించాను. రెండు వానాకాలాలకే కాగితం మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. రబ్బరుతో తుడవచ్చా?
– బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు

జవాబు: తుడవద్దు, బ్లీచింగు అసలే వద్దు. నీటిరంగు పైపొరే లేచిపోతుంది.

మచ్చలకు కారణం తేమ, దానివల్ల పట్టిన బూజు, కాగితంలోని మలినాలు. వీటికి తోడు ఫ్రేము కట్టేవాళ్లు మామూలుగా వెనక హార్డుబోర్డు పెట్టి, బొమ్మను గాజుకు ఆనించి బిగిస్తారు. చలి రాత్రి గాజు లోపల చెమ్మ పడితే నేరుగా కాగితానికే. ముందు ఫ్రేము విప్పించి, బొమ్మను నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పొడి బూజు ఉంటే మెత్తటి బ్రష్షుతో బయటికి ఊడ్చండి, ముక్కుకు మాస్కు కట్టుకుని. మచ్చలు పూర్తిగా పోవాలంటే అది కాగితాలు బాగుచేసే నిపుణుల పని, ఇంట్లో జరిగేది పెరగకుండా ఆపడం వరకే.

మళ్లీ కట్టించేటప్పుడు ఆమ్లం లేని మౌంటుబోర్డు (బొమ్మకు పెట్టే మందపాటి అట్ట) అడగండి, ముందూ వెనకా రెండు వైపులా. చుట్టూ రెండున్నర మూడు అంగుళాల మౌంటు ఉంటే, దాని మందం వల్ల గాజుకూ బొమ్మకూ మధ్య ఖాళీ దానంతటదే వస్తుంది. బొమ్మను సెల్లోటేపుతో అంటించనివ్వకండి, ఆ జిగురు పచ్చబడి కాగితంలోకి ఊరుతుంది. పైఅంచున రెండే చోట్ల, పలచటి చేతికాగితం పట్టీలు, గోధుమపిండి గంజితో అతికిస్తే చాలు. కింద అంచు వదిలేయాలి, వానాకాలంలో కాగితం సాగుతుంది, నాలుగు వైపులా అంటిస్తే ఉబ్బి ముడతలు పడుతుంది. ఫ్రేము వెనక కింది మూలల్లో రబ్బరు బొత్తాలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది.

స్నానాలగది గోడకు, వాన కొట్టే గోడకు తగిలించకండి. పూజగది పక్కనైతే సాంబ్రాణి పొగ గాజు సందుల్లోంచి కూడా పోతుంది. కాగితం మీది పనులకు మ్యూజియంలు 50 లక్స్ మించి వెలుతురు పెట్టవు, అంటే కిటికీ ఎదురు గోడ కంటే చాలా తక్కువ. ఫ్రేము కట్టించే ముందు బొమ్మ వెనకవైపు ఒక ఫోటో తీసి ఉంచుకోండి. సంతకం, తేదీ, కాగితం పేరు చాలాసార్లు అక్కడే ఉంటాయి, మౌంటు వేశాక మళ్లీ కనపడవు.